రంగ్ రసియా చూపని రవివర్మ

రాజకీయ నాయకుల మీద, క్రీడాకారుల మీద, సైనికుల మీద జీవితకథా చిత్రాలు వరుసకట్టి వస్తున్న ఈ దేశంలో, కుంచె పట్టిన మనిషి జీవితాన్ని తెరకెక్కించే సాహసం చాలా తక్కువమంది చేశారు. కేతన్ మెహతా తీసిన 'రంగ్ రసియా' అలాంటి అరుదైన ప్రయత్నాల్లో ఒకటి. రణజిత్ దేశాయ్ మరాఠీ నవల ఆధారంగా రాజా రవివర్మ జీవితాన్ని చెప్పిన ఈ చిత్రం 2008లో లండన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. భారతీయ ప్రేక్షకుడి ముందుకు రావడానికి మాత్రం 2014 నవంబర్ 7 దాకా నిరీక్షించింది. కళాకారుడి స్వేచ్ఛ గురించి తీసిన సినిమాకే స్వదేశంలో ఆరేళ్లపాటు తెర దొరకలేదంటే, చిత్రం లేవనెత్తిన ప్రశ్నకు కాలం తనదైన సమాధానం చెప్పినట్లే.

రణదీప్ హుడా రవివర్మగా, నందనా సేన్ ఆయన చిత్రాలకు నమూనాగా నిలిచిన సుగంధగా నటించిన ఈ చిత్రానికి వెన్నెముక ఒక న్యాయస్థానం. దేవతలను అశ్లీలంగా చిత్రించాడని, మతవిశ్వాసాలను గాయపరిచాడని ఆరోపణలు ఎదుర్కొంటూ రవివర్మ బోనులో నిలబడతాడు. ఆయన గతమంతా ఆ విచారణ మధ్య నుంచి మన ముందుకు వస్తుంది. ఒకవైపు సౌందర్యారాధకుడైన కళాకారుడు, మరోవైపు ఛాందసులు, మధ్యలో తీర్పు చెప్పవలసిన వలస న్యాయమూర్తి. ఈ అమరిక ప్రేక్షకుడికి వెంటనే అర్థమవుతుంది. ఎందుకంటే ఆ విచారణను మనం పంతొమ్మిదో శతాబ్దిలో కాదు, మన కళ్లముందే చూశాం.

ఎం.ఎఫ్. హుస్సేన్ 1970లలో వేసిన బొమ్మలపై 1996లో ఆగ్రహం రగిలింది. 1998లో ఆయన ఇంటిపై దాడి జరిగింది. దేశంలోని అనేక ఊళ్లలో కేసులు నమోదయ్యాయి. తొంభయ్యో పడిలో ఉన్న ఆ వృద్ధుడు 2006లో దేశం విడిచి వెళ్లిపోయాడు. 'రంగ్ రసియా' లండన్‌లో ప్రదర్శితమైన 2008లోనే, మే 8న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ హుస్సేన్‌పై ఉన్న కేసులను కొట్టివేశారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా హుస్సేన్‌పై చర్యకు నిరాకరించింది. న్యాయం గెలిచింది, కానీ ఆయన తిరిగి రాలేకపోయాడు. 2010లో ఖతార్ పౌరసత్వం స్వీకరించి, 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశాడు. సినిమాలో రవివర్మ నిలబడ్డ బోను హుస్సేన్ కోసం తయారైందే. కేతన్ మెహతా చరిత్రను అడ్డుపెట్టుకుని వర్తమానంతో మాట్లాడాడు.

అందులో తప్పేమీ లేదు. చరిత్ర సినిమాలన్నీ అవి పుట్టిన కాలం గురించే ఎంతో కొంత మాట్లాడతాయి. కానీ చట్టం చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో అశ్లీలతను శిక్షించే 292వ సెక్షన్ ఉంది. అయితే ఆలయాలపైన, దేవతా రథాలపైన ఉన్న శిల్పాలకు, చిత్రాలకు, మతపరమైన అవసరాలకు వాడే బొమ్మలకు ఆ సెక్షన్‌లోనే మినహాయింపు కూడా ఉంది. ఖజురహోను, కోణార్కను ఏం చేయాలో తెలియని వలస పాలకుడు ఎంచుకున్న జాగ్రత్త అది. ఒక వర్గం మతభావాలను ఉద్దేశపూర్వకంగా రెచ్చగొట్టడాన్ని నేరం చేసిన 295-ఎ సెక్షన్ మాత్రం 1927 దాకా పుట్టలేదు. లాహోరులో ప్రచురితమైన ఒక పుస్తకంపై చెలరేగిన వివాదం దాన్ని తెచ్చిపెట్టింది. రవివర్మ మరణించింది 1906లో. ఆ తర్వాత 21 ఏళ్లకు వచ్చిన సెక్షన్‌ను దేశవిభజన తర్వాత భారత్, పాకిస్తాన్ రెండూ వారసత్వంగా పంచుకున్నాయి. పాకిస్తాన్ 1980లలో దానికి మరింత కఠినమైన ఉపసెక్షన్లు జోడించింది. మనం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షన్‌గా నంబరు మార్చి ఉంచుకున్నాం. 'మనోభావాలు గాయపడడం' అనే నేరానికి ఉపఖండంలో ఉన్న ప్రాచుర్యం ఈ నూరేళ్లలో పెరిగిందే. సినిమా దాన్ని రవివర్మ కాలంలోకి వెనక్కి తీసుకెళ్లింది.

ఆ ప్రయాణంలో ఒక పెద్ద విషయం దారిలో జారిపోయింది. కళాకారుడికి, ఛాందసుడికి మధ్య పోరాటంగా రవివర్మ జీవితాన్ని కుదించినప్పుడు, ఆయన పుట్టిన తిరువాంకూరు సంస్థానం అందమైన నేపథ్య దృశ్యంగా మిగిలిపోతుంది. నిజానికి శరీరం, వస్త్రం, దైవదర్శనం అనే మూడు విషయాలపై ఆ కాలపు భారతదేశంలో అత్యంత తీవ్రమైన రాజకీయ సంఘర్షణ జరిగిన నేల అదే. రవివర్మ బొమ్మలు ఆ మూడింటి చుట్టూనే తిరిగాయి.

1848 ఏప్రిల్ 29న కిలిమానూరు ప్రభువుల ఇంట రవివర్మ పుట్టాడు. తల్లి కవయిత్రి, తండ్రి సంస్కృత పండితుడు, మేనమామ చిత్రకారుడు. పద్నాలుగేళ్ల ప్రాయంలో మేనమామ అతణ్ని తిరువనంతపురం తీసుకెళ్లి మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆశ్రయంలో ఉంచాడు. తైలవర్ణ చిత్రకళ అప్పటికి మనకు కొత్త. మధుర నుంచి వచ్చిన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆ రహస్యాన్ని ఈ కుర్రవాడికి నేర్పడానికి ఒప్పుకోలేదు. 1868లో వచ్చిన థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు, తాను పనిచేస్తుండగా చూడడానికి మాత్రం అనుమతించాడు. రవివర్మ చూసి నేర్చుకున్నాడు. 1873లో జడలో మల్లెపూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకు మద్రాసు ప్రదర్శనలో గవర్నర్ స్వర్ణపతకం లభించింది. అదే ఏడాది వియన్నాలోనూ గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత సంస్థానాధీశుల ఆహ్వానాలు, గవర్నర్ల కొనుగోళ్లు మొదలయ్యాయి. ఈ కథ అందరికీ తెలిసినదే, సినిమా కూడా చెప్పినదే.

సినిమా చెప్పని కథ ఇంకొకటుంది. రవివర్మ పదకొండేళ్ల బాలుడిగా ఉన్నప్పుడు, 1859లో, తిరువాంకూరు మహారాజు ఒక ప్రకటన జారీ చేశాడు. చాన్నార్ స్త్రీలు, అంటే నాడార్ కులస్త్రీలు, తమ వక్షస్థలాన్ని కప్పుకోవచ్చునని ఆ ప్రకటన సారాంశం. ఆ అనుమతి కోసం వారు దశాబ్దాలపాటు పోరాడారు. రవికె తొడుక్కున్నందుకు బజారులో బట్టలు చింపించుకున్నారు, ఇళ్లు తగులబడడం చూశారు. చివరికి ఇచ్చిన అనుమతికి కూడా షరతు పెట్టారు. పై కులాల స్త్రీలు కప్పుకునే పద్ధతిలో మాత్రం కప్పుకోకూడదు. శరీరాన్ని కప్పుకోవడం అక్కడ సిగ్గుకు సంబంధించిన విషయం కాదు, హోదాకు సంబంధించినది. పైవాడి ముందు కింది కులం మనిషి పైబట్ట తీసి నిలబడడం మర్యాదగా చెలామణీ అయిన రాజ్యం అది.

ఈ నేపథ్యంలో పెట్టి చూస్తే, 'రంగ్ రసియా' చుట్టూ జరిగిన నగ్నత చర్చ పేలవంగా కనిపిస్తుంది. సినిమా ప్రచారం, దానిపై వచ్చిన అభ్యంతరాలు, మద్దతులు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: కళాకారుడికి స్త్రీ దేహాన్ని వస్త్రం లేకుండా చూపే హక్కు ఉందా, లేదా? రవివర్మ పెరిగిన రాజ్యంలో ప్రశ్న దానికి పూర్తిగా తలకిందులైనది: స్త్రీకి తన దేహాన్ని కప్పుకునే హక్కు ఉందా, లేదా? ఆ రాజ్యం నుంచి వచ్చిన చిత్రకారుడే లక్ష్మికి, సరస్వతికి, దమయంతికి చీర కట్టి రవికె తొడిగాడు. చాన్నార్ స్త్రీల పోరాటాన్ని తలచుకుని ఆయన అలా చేశాడని నేను అనడం లేదు. ఆయన రాజబంధువు, ఆ వ్యవస్థలోని సౌఖ్యాలన్నీ అనుభవించినవాడు. కానీ ఆయన బొమ్మలోని దేవత కట్టుకున్న చీరను ఏ కులపు స్త్రీ అయినా కట్టుకోవచ్చు అన్న భావన ఆ బొమ్మలతో పాటే ప్రయాణించింది. దాని ప్రభావం చిత్రకారుడి ఉద్దేశంతో నిమిత్తం లేకుండానే పనిచేసింది.

ఆ చీర వెనుక కూడా ఒక అన్వేషణ ఉంది. బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1888లో 14 పౌరాణిక చిత్రాలు వేయమని కోరినప్పుడు, రవివర్మ, ఆయన తమ్ముడు సి. రాజరాజవర్మ ఉత్తర భారతమంతా నెలల తరబడి తిరిగారు. పురాణ స్త్రీలకు ఏ వస్త్రం కట్టాలి? ఒక ప్రాంతానికే పరిమితం కాని వేషం ఏది? ప్రతి ప్రాంతానికి ఒక కట్టు, ప్రతి కులానికి ఒక తీరు ఉన్న దేశంలో ఆ ప్రశ్నకు దొరికిన జవాబు చీర. ఆ బొమ్మలను బరోడాలో, బొంబాయిలో ప్రజల కోసం ప్రదర్శించినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చారు. భారత జాతీయ కాంగ్రెస్ పుట్టి అప్పటికి నాలుగైదేళ్లే అయింది. భారతీయులు ఒక జాతి అని వాదించేవారు ఇంకా ఇంగ్లీషులో మహజర్లు రాసుకుంటున్న కాలంలో, భారతీయ స్త్రీ ఇలా ఉంటుంది అన్న దృశ్యరూపాన్ని ఈ అన్నదమ్ములు తయారుచేశారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు రవివర్మ పంపిన పది చిత్రాలూ వివిధ ప్రాంతాల భారతీయ స్త్రీలవే. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత సభలోనే వివేకానందుడు ప్రసంగించాడు.

ఈ తమ్ముడి గురించి ఒక మాట చెప్పాలి. సినిమా నీడలోనే వదిలేసిన రాజరాజవర్మ స్వయంగా చిత్రకారుడు, అన్నకు సహపనివాడు, వ్యవహారకర్త. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న దినచర్య రవివర్మ జీవితానికి అత్యంత విశ్వసనీయమైన ఆధారాల్లో ఒకటి. ప్రయాణపు అలసట, రావలసిన డబ్బు కోసం ఎదురుచూపులు, సంస్థానాధీశుల ద్వారాల దగ్గర పడిగాపులు అందులో కనిపిస్తాయి. నిజాం నుంచి పని దొరుకుతుందన్న ఆశతో హైదరాబాదు వచ్చి, ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ ఆతిథ్యంలో గడిపిన రోజులు కూడా ఆ దినచర్యలో ఉన్నాయి. రసికత పొంగిపొరలే సినిమా నాయకుడి కంటే, రైలు పెట్టెల్లో రంగులు మోసుకుంటూ తిరిగిన ఈ ఇద్దరు శ్రమజీవుల కథ గొప్ప సినిమా అయ్యేది.

రాజుల గోడలకు పరిమితమైన బొమ్మ జనం గోడలమీదికి రావడానికి మూలం ఒక దివాను సలహా. తిరువాంకూరులోనూ తర్వాత బరోడాలోనూ దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు, రవివర్మ చిత్రాలకు ఉన్న గిరాకీని ఒక్క చేతి పని తీర్చలేదని, వాటిని ఐరోపాకు పంపి అచ్చు వేయించమని సూచించాడు. రవివర్మ ఐరోపాకు పంపడానికి బదులు యంత్రాలనే తెప్పించుకున్నాడు. 1894లో బొంబాయిలో జర్మన్ సాంకేతిక నిపుణుల సాయంతో ముద్రణాలయం మొదలైంది. తొలి ముద్ర 'శకుంతల జననం'. ఆ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో రాతిపలకను సిద్ధం చేసి, ఒకే కాగితాన్ని ఆ పలకలన్నింటి మీదుగా వరుసగా అచ్చు వేస్తారు. పైన మెరుగుపూత పూస్తే తైలవర్ణ చిత్రపు భ్రమ కలుగుతుంది. పలకల అమరిక వెంట్రుకవాసి తప్పినా లక్ష్మీదేవి పెదవి రంగు చెంపకు అంటుతుంది. ఆ నైపుణ్యంతో అచ్చయిన లక్ష్మి, సరస్వతి బొమ్మలు కొన్నేళ్లలోనే దేశమంతా పాకాయి. వ్యాపారం మాత్రం రవివర్మకు అచ్చిరాలేదు. 1896లో బొంబాయిని ప్లేగు ముట్టడించింది. ముద్రణాలయం లోనావాలా సమీపంలోని మలవలికి తరలింది. అప్పులు మిగిలాయి. ఇరవయ్యో శతాబ్ది మొదట్లోనే అది జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి వెళ్లిపోయింది.

ఆ కాగితం ఎవరి చేతికి చేరింది అన్నది అసలైన రాజకీయ ప్రశ్న. అప్పటి తిరువాంకూరులో కోట్లాది దేవతల పేర్లు తెలిసినా ఒక్క దేవుడినీ గర్భగుడి ఎదుట నిలబడి చూడలేని మనుషులు లక్షల్లో ఉన్నారు. వారు గుడి లోపలికే కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లోకి కూడా రాకూడదు. ఆ వీధుల్లో నడిచే హక్కు కోసమే 1924 మార్చి 30న వైకోం సత్యాగ్రహం మొదలైంది. అంతకు మూడు దశాబ్దాల ముందే రవివర్మ ముద్రణాలయం దేవుణ్ని పూజారి లేకుండా, ప్రహరీ లేకుండా, మడి లేకుండా ఇంటికి పంపింది. అచ్చు బొమ్మ కొనేవాడి కులం అంగడివాడు అడగడు.

సినిమాకు అందవలసిన చరిత్ర ఇక్కడ ఇంకా ఉంది. రవివర్మ భార్య భగీరథీబాయి మావేలికర రాజవంశానికి చెందినది. ఆమె అక్క తిరువాంకూరు రాణి. రాజవంశంలో వారసత్వం స్త్రీల ద్వారా సాగే సంప్రదాయం ఉన్నందున, సంతానం లేని ఆ రాణి 1900లో రవివర్మ మనవరాళ్లు ఇద్దరిని దత్తత తీసుకుంది. వారిలో ఒకరైన సేతు లక్ష్మీబాయి వైకోం సత్యాగ్రహ కాలంలో రాజప్రతినిధిగా పాలన చేపట్టింది. 1925 మార్చిలో గాంధీజీ ఆమెను కలిసి ఆ వీధుల గురించి మాట్లాడాడు. రెండో మనవరాలు సేతు పార్వతీబాయి కుమారుడు చితిర తిరునాళ్ బలరామవర్మ. 1936 నవంబర్ 12న తిరువాంకూరు దేవాలయాల తలుపులను అన్ని కులాల హిందువులకూ తెరుస్తూ ప్రకటన జారీ చేసింది ఆయనే. అంటే, 1894లో దేవుళ్లను కాగితం మీద అచ్చువేసి గుడి బయటికి తెచ్చిన మనిషి మునిమనవడే 42 ఏళ్ల తర్వాత గుడి బయటి మనుషులను లోపలికి రానిచ్చాడు.

ఈ రెండింటినీ కార్యకారణ సంబంధంగా చూడడం పొరపాటు. ఆలయ ప్రవేశ ప్రకటన ఏ రాజు దయాగుణం నుంచీ పుట్టలేదు. శ్రీనారాయణ గురువు, అయ్యంకాళి, టి.కె. మాధవన్ వంటివారు దశాబ్దాలపాటు నడిపిన ఉద్యమాలు, ఈళవ సమాజంలో మతం మారతామన్న హెచ్చరికలు రాజ్యాన్ని ఆ స్థితికి నెట్టాయి. అయినా ఒకే కుటుంబపు నాలుగు తరాల్లో దేవుడి దర్శనం ఎలా మారిందో చూపగలిగే అవకాశం చరిత్ర ఒక దర్శకుడికి ఇంత నిండుగా అందించడం అరుదు. అందులోనూ కేతన్ మెహతా వంటి దర్శకుడికి. 1980లో ఆయన తొలి చిత్రం 'భవనీ భవాయి' అంటరానితనం మీద తీసినదే. 'రంగ్ రసియా'లో కూడా గుడిలోకి రానివ్వని వారి ఇంటికి దేవుడు చేరాడన్న మాట ఉంది. కానీ ఆ మాట వాదనలో ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోతుంది. కెమెరా మళ్లీ ప్రేమకథ మీదికి, దేహాల మీద జల్లిన రంగుల మీదికి తిరుగుతుంది.

ఆ ప్రేమకథలోనూ ఒక బలమైన ప్రశ్న ఉంది. తన ముఖంతో అచ్చయిన దేవతను జనం పూజిస్తుంటే, అదే జనం వీధిలో తనను చీదరించుకుంటే సుగంధ ఏమైపోవాలి? సినిమాలో నిజంగా గుచ్చుకునే సందర్భం ఇదే. చరిత్ర ఈ ప్రశ్నకు మరింత విస్తృతమైన నేపథ్యం ఇస్తుంది. రవివర్మ ముద్రణాలయం మొదలవడానికి ఏడాది ముందు, 1893లో, మద్రాసు సంఘసంస్కర్తలు నాట్యకత్తెల మేజువాణీలకు హాజరు కావద్దని గవర్నర్‌కు, వైస్రాయికి విజ్ఞప్తి చేశారు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం అదే ఉద్యమాన్ని పత్రికల్లో, ప్రహసనాల్లో నడిపాడు. సంస్కర్తల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నాట్యం, సంగీతం కులవృత్తిగా బతికిన స్త్రీలు సభల నుంచి వెలి అయిన రోజుల్లోనే, వీణ పట్టిన సరస్వతి గౌరవనీయుల ఇళ్ల గోడలకు ఎక్కింది. వీణ వాయించే స్త్రీ మీద అనుమానం, ఆమె బొమ్మ మీద భక్తి ఒకే కాలంలో పెరిగాయి. సుగంధ వ్యక్తిగత విషాదంగా సినిమా చూపినది ఒక సమాజపు ద్వంద్వనీతి.

రవివర్మను విమోచకుడిగా నిలబెట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఆయన ముద్రణాలయం దేవుళ్లను అందరికీ పంచింది, కానీ కొందరు దేవుళ్లనే పంచింది. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ ఆ రాతిపలకలకు ఎక్కలేదు. ఎక్కిన దేవతలందరికీ తెల్లని ఛాయ, సంపన్న గృహిణి ఆభరణాలు, ఒకే రకమైన ముఖకవళికలు వచ్చాయి. చేర్యాల నకాషీలు పటం మీద కులపురాణాలు గీసి, ఊరూరా కథకులు వాటిని పాడి వినిపించిన సంప్రదాయంలో ఒక్కో కులానికి ఒక్కో దేవుడి కథ ఉండేది. శ్రీకాళహస్తి కలంకారీలో రాముడికి ఉన్న ముఖం వేరు. అచ్చు బొమ్మ విస్తరించినకొద్దీ ఆ వైవిధ్యం పలచబడింది. గుడి గోడను దాటించిన కాగితమే ఇంకో గోడను కట్టింది. దేవుడు ఇలా మాత్రమే ఉంటాడు అన్న భావన అందరి మనసుల్లో ఒకే అచ్చుగా పడింది.

ఆ అచ్చు రాజకీయానికి పనికొచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో గోరక్షణ ఉద్యమం ఊపందుకున్నప్పుడు, దేహంలో సకల దేవతలను మోస్తున్న ఆవు బొమ్మను విస్తృతంగా ప్రచారంలో పెట్టినవాటిలో రవివర్మ పేరున్న ముద్రణాలయం కూడా ఉంది. అప్పటికి అది జర్మన్ యజమాని చేతిలో ఉంది. అచ్చు బొమ్మకు సిద్ధాంతం లేదు. దళితుడి గుడిసెలో దర్శనం అవుతుంది, ఊరేగింపులో ఆయుధమూ అవుతుంది.

జాతీయవాదులు రవివర్మను చూసిన తీరు కూడా మలుపులు తిరిగింది. మొదట ఆయన దేశం గర్వించదగిన చిత్రకారుడు. 1905 వంగ విభజన వ్యతిరేకోద్యమం నాటికి ఇ.బి. హావెల్, ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత వంటివారి దృష్టిలో ఆయన పాశ్చాత్య అనుకరణకు ఉదాహరణ. దేవతలను ఐరోపా నాటకశాలలోని పాత్రలుగా మార్చాడని వారి ఆరోపణ. అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతమాత బొమ్మ వేసినది ఆ కాలంలోనే. తర్వాత దశాబ్దాలపాటు కళావిమర్శకులకు రవివర్మ అంటే క్యాలెండర్ బొమ్మ, చవకబారు అభిరుచి. 1979లో భారత ప్రభుత్వం ఆయన చిత్రాలను దేశం దాటించడానికి వీల్లేని జాతీయ కళాసంపదగా ప్రకటించింది. అదే మనిషి, అవే బొమ్మలు. దేశభక్తి ప్రమాణం మారినప్పుడల్లా వాటి దేశీయత మారుతూ వచ్చింది. కళను 'మనది', 'పరాయిది' అని ఈరోజు గట్టిగా విభజించేవారు ఈ వందేళ్ల ఊగిసలాటను ఒకసారి తలచుకోవాలి.

రవివర్మ నుంచి మన తెర దాకా ఉన్న దారి కూడా స్పష్టమే. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే అంతకుముందు రవివర్మ ముద్రణాలయంలో పనిచేశాడు. పౌరాణిక సినిమా దేవుడి కిరీటం, నగలు, నిలబడే తీరు ఆ అచ్చు బొమ్మలకు చాలా రుణపడి ఉన్నాయి. ఆ వారసత్వం తెలుగు పౌరాణికాల్లో పతాకస్థాయికి చేరింది. తెరమీద కృష్ణుడిగా, రాముడిగా కనిపించిన ఎన్.టి. రామారావు ముఖం క్యాలెండర్లకెక్కి పూజగదుల్లో నిలిచింది. ఆ ముఖమే 1983 జనవరిలో ముఖ్యమంత్రి పీఠం మీద కూర్చుంది. 1987లో దూరదర్శన్ రామాయణం మొదలై ఆదివారం ఉదయాలను స్తంభింపజేసినప్పుడు, దాని రాముడి రూపం కూడా ఆ క్యాలెండర్ల నుంచే దిగివచ్చింది. ఆ తర్వాతి దశాబ్ది రాజకీయం ఎటు వెళ్లిందో చెప్పనవసరం లేదు. దక్షిణాదిలో, ఉత్తరాదిలో రెండు వేర్వేరు రాజకీయాలకు బలమిచ్చిన దృశ్యభాష రవివర్మ ముద్రణాలయం గుండా వచ్చినదే. చిత్రకారుడి జీవితం మీద తీసే సినిమాకు ఇంతకంటే పెద్ద కథావస్తువు ఏం కావాలి?

'రంగ్ రసియా' విడుదలకు ఎదురుచూస్తున్న కాలంలోనే, 2011లో, మలయాళంలో లెనిన్ రాజేంద్రన్ 'మకరమంజు' తీశాడు. ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్ అందులో రవివర్మగా నటించాడు. 'జోష్'తో తెలుగువారికి పరిచయమైన కార్తిక ఆయన చిత్రానికి నమూనాగా కనిపించింది. ఊర్వశీ పురూరవుల గాథను వేస్తున్న చిత్రకారుడి మనోలోకంలోకి వెళ్లిన ఆ సినిమా కూడా చివరికి కళాకారుడు, స్త్రీ, మోహం అనే త్రికోణం దగ్గరే ఆగింది. హిందీలోనైనా మలయాళంలోనైనా మన దర్శకులకు రవివర్మలోని ప్రేమికుడు కనిపించినంత సులభంగా ముద్రాపకుడు కనిపించలేదు. అచ్చుయంత్రం, అప్పులు, ప్లేగు, దినచర్య, కుల కట్టుబాట్లు తెరమీద ప్రణయమంత అందంగా ఉండవన్న భయం దీనికి కారణం కావచ్చు.

సినిమాను తక్కువచేయడానికి ఈ మాటలు అనడం లేదు. హుస్సేన్ పరాయి గడ్డ మీద ఉన్న రోజుల్లో, కళాకారుడిని బోనులో నిలబెట్టి సమాజాన్ని ప్రశ్నించడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం 'రంగ్ రసియా'కు ఉంది. కానీ భావప్రకటనా స్వేచ్ఛ కోసం చేసే వాదన కళాకారుడి ప్రత్యేక హక్కుగా మాత్రమే వినిపిస్తే, గుడి బయట నిలబడ్డ మనిషికి అందులో తన వాటా కనిపించదు. రవివర్మ కథలో ఆ వాటా ఉంది. దేవుణ్ని ఎవరు చూడాలి, ఏ రూపంలో చూడాలి, ఆ రూపాన్ని ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న కళాకారుడిది మాత్రమే కాదు. చాన్నార్ స్త్రీలది, వైకోం వీధుల్లో అరెస్టయిన సత్యాగ్రహులది, గోడమీద సరస్వతిగా నిలిచి వీధిలో వెలి అయిన స్త్రీది.

దేవుడి బొమ్మ మీద ఇవాళ ఎక్కడో ఒకచోట ఫిర్యాదు నమోదవుతూనే ఉంది. ఫిర్యాదుదారు తన మనసులో ఉన్న రూపం అనాదిదని నమ్ముతాడు. ఆ రూపంలో చాలా భాగం వయసు 130 ఏళ్లు. మలయాళ చిత్రకారుడు ఐరోపా చిత్రకారుణ్ని చూసి నేర్చుకుని, మరాఠా మహారాజు డబ్బుతో ఉత్తరాది తిరిగి ఎంచుకుని, జర్మన్ యంత్రం మీద బొంబాయిలో అచ్చు వేసిన రూపం అది. కాపాడాలనుకునేవారు ముందు దాని పుట్టుకను తెలుసుకోవాలి. రవివర్మ మీద రాబోయే సినిమా ఏదైనా ఉంటే, బోనును కొంచెం పక్కకు జరిపి ఆ ముద్రణాలయం తలుపు తెరవాలి.